నా డిప్రెషన్‌లో ఇంట్లోవాళ్ల వాటా

నాకు 71 ఏళ్లప్పుడు మొదలైన జబ్బు డిప్రెషన్ అని తేలడానికి ఐదు నెలలు పట్టింది. నేను ఒక్కసారి కూడా ఏడవలేదు, అందుకే. దిగులుగా ఉందని కూడా ఎవరితో అనలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. కడుపులో మంట, నడుం నొప్పి, తెలిసిన పేర్లు కూడా నోటికి రాకపోవడం. నాలుగు కిలోల బరువు తగ్గాను. ఇంట్లోవాళ్లు మతిమరుపు జబ్బనుకున్నారు. పెద్దవయసులో ఈ జబ్బు చాలాసార్లు ఇలాగే వస్తుంది, మనసు బాధంతా ఒళ్లే చెప్పుకుంటుంది. డాక్టరు ఏం అడిగినా నేను "తెలీదు" అనేవాణ్ణి. మతిమరుపు మొదలైనవాళ్లు తప్పో ఒప్పో ఏదో ఒకటి చెప్పబోతారు, డిప్రెషన్ ఉన్నవాళ్లు ఆ ప్రయత్నమే మానేస్తారు అన్నారాయన. అంతమాత్రాన తేల్చెయ్యడానికి లేదు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. ఒంట్లో వేరే లోపమేదీ కారణం కాదని తేల్చుకోవడానికి ముందు రక్తపరీక్షలో థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, సోడియం, షుగర్ చూస్తారు.

తర్వాత పెద్దవాళ్ల కోసమే తయారుచేసిన 15 ప్రశ్నల పత్రం ఇస్తారు, అన్నిటికీ అవును, కాదు అని చెబితే చాలు. మార్కులు 5 దాటితే గట్టిగా అనుమానించాలి. నిద్ర, ఆకలి గురించి అందులో అడగరు, వయసు వల్ల అవి ఎలాగూ మారతాయి కాబట్టి. మొదటిసారి నా కొడుకు పక్కనే కూర్చుని ఉండగా నింపాను, 4 వచ్చింది. వారం తర్వాత నర్సు నన్ను ఒక్కణ్ణే కూర్చోబెట్టి చదివి వినిపిస్తే 11 వచ్చింది. వాడి ముందు "జీవితం ఖాళీగా ఉంది" అని ఏ తండ్రి అనగలడు? మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పరీక్ష చేయిస్తుంటే మీరు గది బయట కూర్చోండి. చావు ఆలోచనల సంగతి మాత్రం మీరే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉందంటే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, మాత్రలన్నీ వాళ్ల చేతికి అందకుండా దాచండి.

కుటుంబం సంగతి సైకాలజిస్టు దగ్గర బయటపడింది. ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న: "మీ ఇంట్లో ఒక్కొక్కరూ మిమ్మల్ని ఎంత తప్పుపడతారో 1 నుంచి 10 లోపు చెప్పండి." హూలీ, టీస్‌డేల్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లో డిప్రెషన్ వచ్చినవాళ్లను వాళ్ల భార్య లేదా భర్త గురించి ఇదే అడిగారట. ఎక్కువ అంకె చెప్పినవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అంతకుముందు 1976లో వాన్, లెఫ్ కూడా చూశారు: స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగే మానసిక జబ్బు) ఉన్నవాళ్లకు జబ్బు తిరగబెట్టే దానికంటే తక్కువ విమర్శకే డిప్రెషన్ ఉన్నవాళ్లకు తిరగబెడుతుంది.

నేను కూతురికి 2, కోడలికి 3, కొడుక్కి 8 ఇచ్చాను. "నేనెప్పుడు తిట్టాను నాన్నా?" అన్నాడు వాడు. నిజమే, తిట్టలేదు. "కాస్త లేచి తిరగొచ్చుగా", "నీకేం తక్కువ నాన్నా" అని రోజుకు పదిసార్లు అనేవాడు. లేవలేకపోవడమే జబ్బు అయినవాడికి అది తిట్టుకంటే పెద్దది. ఆవిడ వాడికి చెప్పిన మార్పు చిన్నది: సలహా మానేసి, చెయ్యబోయే పని చెప్పి పిలవడం. "ఆరింటికి నడవడానికి వెళ్తున్నాను, వస్తావా?" రానంటే మారుమాట లేకుండా వెళ్లిపోవాలి, మర్నాడు మళ్లీ పిలవాలి. మొదటి తొమ్మిది రోజులు నేను వెళ్లలేదు.

విమర్శ కంటే కనిపెట్టడం కష్టమైనది అతిజాగ్రత్త, నా లెక్కలో నష్టం కూడా దానిదే ఎక్కువ. బిల్లులు కట్టడం, బ్యాంకు పని, మాత్రలు డబ్బాలో సర్దడం, చివరికి చొక్కా బొత్తాలు పెట్టడం కూడా ఒక్కొక్కటే నా చేతిలోంచి తీసుకున్నారు. ప్రతిదీ ప్రేమతోనే. తిరిగి ఇచ్చేటప్పుడు కొలత ఉండాలి: పావుగంటలో అయ్యేది, రోజూ ఉండేది, నేను చెయ్యకపోతే ఇంట్లో ఎవరికైనా నిజంగా లోటు తెలిసేది. నాకు ఉతికిన తువ్వాళ్లు మడతపెట్టే పని ఇచ్చారు. మూడో రోజు, నేను పెట్టిన మడత కోడలు విప్పి, అంచులు కలిపి మళ్లీ మడవడం గుమ్మంలోంచి చూశాను. ఆమెకు అది చేతి అలవాటు. నేను ఆ పని నాలుగు రోజులు ముట్టలేదు. అప్పటినుంచి నియమం పెట్టుకున్నారు: ఇచ్చిన పనిని వంకరగా ఉన్నా ముట్టకూడదు.

చెవి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక నేనూ నవ్వేవాణ్ణి, తర్వాత అక్కడ కూర్చోవడమే మానేశాను. వినికిడి యంత్రం పెట్టుకున్నాక సగం దూరం తగ్గింది. డిప్రెషన్ ఉన్న పెద్దవాళ్లకు చెవి పరీక్ష ముందే చేయిస్తే మంచిది.

మందు సెర్ట్రాలిన్. ముందు వారం 25 మి.గ్రా., తర్వాత 50. పెద్దవయసులో తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మూడో వారం తూలడం, తలనొప్పి, అయోమయం. "మందు పడలేదు, ఆపేద్దాం" అన్నాడు కొడుకు. రక్తపరీక్షలో సోడియం 128 ఉంది, ఉండాల్సింది 135 నుంచి 145. నేను వాడే బీపీ మాత్ర నీరు తీసే రకం. అదీ ఇదీ కలిస్తే సోడియం పడిపోతుంది, ఎక్కువగా మొదటి నెలలోనే. డాక్టరు బీపీ మాత్ర మార్చారు, వారంలో సర్దుకుంది. అందుకే మొదలుపెట్టిన రెండు వారాలకు సోడియం చూపించుకోవాలి. నొప్పుల మాత్రలు, ఆస్పిరిన్ వాడుతుంటే అదీ చెప్పాలి, రక్తస్రావం భయం ఉంటుంది.

నిద్ర నాలుగో వారానికి కుదిరింది. ఆకలి ఆరో వారానికి వచ్చింది, మనసు ఎనిమిది దాటాక. ఈ వరస తెలియక చాలామంది మధ్యలోనే మానేస్తారు. ఇంట్లోవాళ్లకు మార్పు నాకంటే ముందే కనిపించింది, "బాగున్నావు కదా" అన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. వారానికోసారి సైకాలజిస్టు దగ్గర 16 వారాలు కూర్చున్నాను, అందులో రెండుసార్లు కొడుకూ కోడలూ వచ్చారు. కూతురు వారానికోసారి గంటసేపు చేసే ఫోను రోజూ పది నిమిషాలకు మారింది. "ఎలా ఉన్నావు" బదులు తన ఇంటి లెక్క ఏదో ఒకటి నన్ను అడుగుతుంది.

బాగయ్యాక కూడా మందు ఏడాది వాడమన్నారు. ఆపేటప్పుడు కొన్ని వారాల మీద తగ్గిస్తూ రావాలి, ఒక్కసారిగా మానేస్తే తల తిరుగుతుంది, ఒంట్లో షాక్ కొట్టినట్టు ఉంటుంది. మొన్న సైకాలజిస్టు అదే ప్రశ్న మళ్లీ అడిగారు. కొడుక్కి 4 ఇచ్చాను. ఆ నాలుగు ఎందుకని వాడు ఇంకా అడుగుతున్నాడు.