క్యాటరింగ్ అక్క వెబ్‌సైటు, ఆషాఢం గ్రాఫు

2025 జులై మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే అక్క ఫోన్. "తమ్ముడూ, సైటుకేదో అయింది, జనం రావడం మానేశారు, ఒకసారి చూడు" అంది, గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. అక్కది విశాఖపట్నం సీతమ్మధారలో చిన్న క్యాటరింగ్, పెళ్లిళ్ల కన్నా అన్నప్రాసనలు, గృహప్రవేశాలు, సత్యనారాయణ వ్రతాలు ఎక్కువ, యాభై మంది నుంచి రెండు వందల మంది వరకూ వండుతారు. ఆ సైటు చేసింది నేనే, అందుకే వెంటనే ల్యాప్‌టాప్ తీసి గూగుల్ అనలిటిక్స్ (సైటుకి ఎంతమంది వస్తున్నారో లెక్క చూపించే టూల్) చూశాను. గ్రాఫు నిజంగానే కిందికి జారింది. సైటు మాత్రం శుభ్రంగా తెరుచుకుంటోంది, గూగుల్ వెతుకులాటలో ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అప్పుడు గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తే విషయం అర్థమైంది. జూన్ 26న ఆషాఢం మొదలైంది.

చిన్న వ్యాపారాలకి సైట్లు చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు ఇద్దరూ ఇది పట్టించుకోవాలని నా కోరిక. అనలిటిక్స్‌కి తెలిసింది ఇంగ్లీషు క్యాలెండరే. "పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చు" అని నొక్కితే జులైని జులైతో పోలుస్తుంది. అక్క వ్యాపారం నడిచేది పంచాంగం మీద. 2024లో శ్రావణం ఆగస్టు 5న మొదలైంది, 2025లో జులై 25నే వచ్చేసింది, 2023లో అయితే అధిక శ్రావణం వచ్చి అసలు శ్రావణం ఆగస్టు 17 దాకా మొదలే కాలేదు. కాబట్టి ఆగస్టుని ఆగస్టుతో పోలిస్తే వచ్చే లెక్కతో అక్కకి ఏ ఉపయోగమూ లేదు. ఆషాఢాన్ని ఆషాఢంతో పోల్చాలి, తేదీలు చేత్తో ఎంచుకుని. అలా చూస్తే ఇంకోటి కూడా కనబడింది, ఆషాఢం సగం దాటాక శ్రావణం ముహూర్తాల వాళ్లు వెతకడం మొదలుపెడతారు, అంటే మెనూ మార్చినా ధరలు మార్చినా ఆ లోపే చేసేయాలి.

దీనికోసం ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. జీఏ4లో, అంటే ఇప్పటి గూగుల్ అనలిటిక్స్‌లో, 'ఎక్స్‌ప్లోర్' రిపోర్టుల (మనకి కావలసినట్టు మనమే తయారుచేసుకునే రిపోర్టులు) డేటా మామూలుగా రెండు నెలలే ఉంచుతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని 14 నెలలకి మార్చుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు, కానీ అప్పటికే పోయిన డేటా మాత్రం వెనక్కి రాదు. ఈ 14 నెలలు మనకి భలే సరిపోతాయి, ఎందుకంటే అధిక మాసం వచ్చినా పోయిన శ్రావణానికీ ఈ శ్రావణానికీ మధ్య పదమూడు నెలలు దాటదు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి శ్రావణం ఆగస్టు మధ్యకి వెళ్తుంది, అయినా ఇబ్బంది లేదు.

సరే, గ్రాఫు సంగతి తేలింది. కానీ ఆ రోజు కూర్చున్నాక నన్ను అంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం వేరే. సైటు చూసి ఎంతమంది ఫోన్ చేశారు అని అక్క అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎంతమంది వచ్చారో ఉంది, ఎన్ని సెకన్లున్నారో ఉంది, ఏ ఊరో ఉంది (అదీ మొబైల్ డేటాలో ఐపీ అడ్రస్‌ని బట్టి వేసే అంచనా కాబట్టి, మద్దిలపాలెంలో కూర్చున్నావిడ హైదరాబాద్ లెక్కలో పడటం మామూలే). ఫోన్ల లెక్క లేదు. వాట్సాప్ లింకు నొక్కితే బయటి సైటుకి వెళ్లినట్టు జీఏ4 తనంతట తనే రాసుకుంటుంది, ఫోన్ నంబరు నొక్కితే రాసుకోదు, దానికి ట్యాగ్ మేనేజర్ అనే గూగుల్ టూల్‌లో విడిగా ఒక ఈవెంట్ (ఆ నొక్కుని లెక్కేసే ఏర్పాటు) పెట్టాలి. పది నిమిషాల పని. అక్కకి కావలసిన ఒక్క అంకె అదే, నేను అదే పెట్టలేదు.

ఇంకా చెప్పాలంటే, నంబరు నొక్కే వీలే సరిగ్గా లేదు. ఆ సాయంత్రం అక్క వాళ్లింటికి కంచరపాలెం నుంచి ఒకావిడ వచ్చారు, మనవడి అన్నప్రాసనకి అరవై మందికి భోజనాలు కావాలని. ఆవిడకి సైటు తెరిచిచ్చి, "అమ్మా, అరవై మందికి ఎంతవుతుందో ఇందులో చూసి చెప్పగలరా, నేనేం చెప్పను" అన్నాను. ఎడం చేతిలో సంచీ, కుడి చేతిలో ఫోన్, బొటనవేలొక్కటే పనిచేస్తోంది. పైనున్న బ్యానర్‌లో నంబరుంది, దాన్ని రెండుసార్లు నొక్కారు. అది బొమ్మలో అచ్చయిన నంబరు, ఏమీ కాలేదు. తర్వాత 'మెనూ' నొక్కితే పీడీఎఫ్ దిగింది. "ఏటి బాబూ, ఇదేదో ఫైలు అడుగుతోంది, నొక్కొచ్చా?" అన్నారు భయంగా. తెరిస్తే డీటీపీ వాళ్లు పాంప్లెట్ కోసం వేసిన పేజీ, చీమ తలకాయంత అక్షరాలు. వేళ్లతో పెద్దది చేసి, పక్కకి జరిపి, పనసపొట్టు కూర దగ్గర ఆగి, ధర ఏ వైపుందో కనబడక మళ్లీ చిన్నది చేశారు. చివరికి ఫారం దగ్గరికొచ్చారు, అందులో ఈమెయిల్ తప్పనిసరి. "మెయిల్ మా అబ్బాయికి తెలుసమ్మా" అని అక్క వైపు తిరిగి ఫోన్ నా చేతికిచ్చేశారు.

మూడు నిమిషాలు కూడా పట్టలేదు ఇదంతా. రెండు నెలల్లో ఆ ఫారం నుంచి మూడే మూడు ఎంక్వైరీలు ఎందుకొచ్చాయో ఏ రిపోర్టూ నాకు చెప్పలేదు, ఆవిడ బొటనవేలు చెప్పింది. ఐదుగురితో వాడించి చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని సైట్లు వాడటం ఎంత సులువో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, నేను అది చదివి కూడా ఒక్కరితో చూడలేదు. మన ఊళ్లో ఐదుగురు దొరకడం పెద్ద కష్టం కాదు, షాపుకి వచ్చిన కస్టమర్‌కి టీ ఇచ్చి ఫోన్ చేతికిస్తే చాలు. ఒకే ఒక్క నియమం, మధ్యలో నోరెత్తకూడదు. "అక్కడ కాదమ్మా, పైన నొక్కండి" అన్నామంటే చూసి లాభం లేదు.

మర్నాడే మార్పులు మొదలుపెట్టాను. పీడీఎఫ్ తీసేసి మెనూ మొత్తం పేజీలోనే తెలుగులో టైప్ చేశాను. పాంప్లెట్ ఫైలు పాత ఫాంటులో ఉంది, అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ కాదు, అందులోంచి కాపీ చేస్తే పిచ్చి గుర్తులే వస్తాయి కాబట్టి బొబ్బట్ల నుంచి మజ్జిగపులుసు దాకా చేత్తోనే కొట్టాల్సి వచ్చింది. ఇప్పుడు అది గూగుల్‌కి కూడా చదవడానికి అందుతుంది. నంబరు స్క్రీన్ అడుగున ఎప్పుడూ కనబడే బటన్ అయింది, నొక్కితే లెక్కలో పడేలా ఆ ఈవెంట్ కూడా పెట్టాను. ఫారం పీకేశాను. దాని బదులు వాట్సాప్ లింకు, నొక్కగానే "నమస్తే, భోజనాల ధర కావాలి. తేదీ: , ఎంతమంది: " అని ముందే రాసి ఉంటుంది, వాళ్లు నింపి పంపడమే. ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉన్నాయి, సైజు తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మార్చాను. పేజీలో ముఖ్యమైన బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న లెక్క, అది ఇప్పుడు దాటట్లేదు.

మైక్రోసాఫ్ట్ క్లారిటీ కూడా పెట్టాను, ఉచితమే. సైటులో జనం ఎక్కడెక్కడ వేలు పెడుతున్నారో వీడియోలా చూపిస్తుంది, టైప్ చేసింది మాత్రం కనబడకుండా కప్పేస్తుంది. మొదటి వారంలోనే తెలిసింది, అరిటాకు భోజనం ఫొటో మీద ఎందరో నొక్కుతున్నారు, అక్కడ లింకే లేదు. ఆ ఫొటోని ఆ మెనూ ధరకి కలిపేశాను.

ధర దగ్గర మాత్రం అక్కతో కాస్త వాదన అయింది. ధర పెడితే పక్కవాళ్లు చూసి తగ్గిస్తారని ఆవిడ భయం, అది తీసిపారేయాల్సిన భయం కాదు. "యాభై మంది దాటితే ప్లేటు ఇంత నుంచి" అని మొదటి ధర ఒక్కటి పెట్టడానికి ఒప్పుకుంది, మిగతాది ఫోన్లో మాట్లాడుకుంటుంది.

ఫోన్ పక్కన ఒక నోటుబుక్ కూడా పెట్టించాను. ఎవరు చేసినా "ఎక్కడ చూసి చేశారండీ" అని అడిగి గూగుల్ మ్యాప్సా, సైటా, తెలిసినవాళ్లు చెప్పారా అని ఒక గీత గీస్తుంది. ఒకటో తారీఖున ఆ గీతలూ నా దగ్గరున్న నొక్కుల లెక్కా పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. రెండూ కలవట్లేదు, మ్యాప్స్ గీతలే ఎక్కువున్నాయి, అందుకే మ్యాప్స్ ప్రొఫైల్లో ఇచ్చిన సైటు లింకుకి యూటీఎం తోక (ఎక్కడినుంచి వచ్చారో అనలిటిక్స్‌కి చెప్పే గుర్తు) తగిలించాను, అక్కడినుంచి వచ్చినవాళ్లు ఇకమీదట విడిగా తెలుస్తారు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని కార్తీక వనభోజనాల పేజీ. కొత్త పేజీ గూగుల్‌లో నిలదొక్కుకోవడానికి టైం పడుతుంది కాబట్టి వినాయక చవితి లోపే ఎక్కించేయాలి. మెనూ రాత్రే వాట్సాప్‌లో పంపింది అక్క, ఈసారి ధర నేను అడక్కముందే పై లైన్లో రాసింది.