డ్రమ్మర్ లేని బ్యాండ్, బరంపురం చెవులు

బరంపురంలో పెరిగినవాడికి సంగీతం అంటే ముందు మోత. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వచ్చిందంటే డప్పుల దెబ్బకి ఇల్లంతా అదురుతుంది. అలాంటి చెవులకి యంగ్ మార్బుల్ జెయింట్స్ అనే బ్యాండ్ ఎలా పట్టిందో నాకే తెలీదు. కాలేజీ రోజుల్లో విని మర్చిపోయిన బ్యాండ్, ఈ మధ్య పాత హార్డ్ డిస్క్ దులుపుతుంటే మళ్లీ దొరికింది. వేల్స్‌లోని కార్డిఫ్ వాళ్లు, 1980లో 'కొలొసల్ యూత్' అని ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ చేసి ఆ తర్వాత కొద్దికాలానికే విడిపోయారు. డ్రమ్మర్ లేడు. డ్రమ్ మెషీన్ సన్నగా టిక్కుటిక్కుమంటుంటే దాని మీద గిటార్, బేస్, అక్కడక్కడ ఆర్గన్, ఇక ఆలిసన్ స్టాటన్ గొంతు చూస్తే పక్కింటావిడ పని చేసుకుంటూ కూనిరాగం తీస్తున్నట్టు ఉంటుంది. పంక్ అనే గోలగోల రాక్ సంగీతం తర్వాత వచ్చినవాళ్లు ఇంత నెమ్మదిగా పాడటమే అసలు తెగింపు అనిపిస్తుంది నాకు. నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబెయిన్‌కి ఈ రికార్డంటే ప్రాణం, 1994లో హోల్ అనే అమెరికా రాక్ బ్యాండ్ ఇందులో పాటొకటి మళ్లీ పాడింది కూడా.

లండన్ బ్యాండ్ ది సౌండ్ సంగతి వేరు. 1981 నాటి 'ఫ్రమ్ ది లయన్స్ మౌత్' వినండి, ఆ రోజుల్లోని మాంచెస్టర్ బ్యాండ్ జాయ్ డివిజన్‌కి దక్కిన పేరులో పావు వంతు కూడా వీళ్లకి ఎందుకు రాలేదా అని ఒళ్లు మండుతుంది.

మా అత్త మాత్రం యంగ్ మార్బుల్ జెయింట్స్ విని "ఏంట్రా, కరెంటు పోతున్నట్టు పాడుతోంది ఆ పిల్ల" అంది. నిజమే, బ్యాటరీ అయిపోతున్న టేప్‌రికార్డర్ లాగే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి, ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ వినబడి చావదు.