పాల లెక్క పుస్తకంలో నానీలు

ఆ పుస్తకం పాల లెక్క కోసం కొన్నది. రోజుకు మూడు అర లీటరు పాకెట్లు. నాన్న సహకార బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. తప్పు పడిన అంకెను ఎన్నడూ దిద్దడు; అడ్డంగా గీత కొట్టి, పక్కన సరైనది వేసి, పొట్టి సంతకం పెడతాడు. పాల లెక్కలోనూ అంతే.

2021 ఏప్రిల్ 27 రాత్రి కర్ణాటకలో కర్ఫ్యూ మొదలైంది. మేము బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటాం. ఆ వారంలోనే నాన్నకు జ్వరం వచ్చింది, పరీక్షలో కరోనా పాజిటివ్ అని తేలింది. బీయూ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఫోనుకు వచ్చింది. అప్పట్లో ఆసుపత్రిలో పడక అడగాలంటే ముందు ఆ నంబరే చెప్పాల్సి వచ్చేది. అమ్మ దాన్ని కాగితం మీద రాసి దేవుడి పటం పక్కన అంటించింది.

పుస్తకం వెనక వైపు నుంచి ఆక్సిజన్ లెక్క మొదలుపెట్టాం. నాలుగు గంటలకోసారి వేలికి ఆక్సీమీటర్, ఆరు నిమిషాలు గదిలో నడక, మళ్లీ ఆక్సీమీటర్. 94 కంటే తగ్గకూడదు. తన అంకెలు తనే రాసుకుంటానన్నాడు నాన్న. 97, 96, 96. నాలుగో రోజు తెల్లవారుజామున పుస్తకం తీసి చూస్తే, 91 మీద 94 అని దిద్ది ఉంది. గీత లేదు, సంతకం లేదు. మమ్మల్ని వదిలి ఆసుపత్రికి వెళ్లడం ఇష్టం లేక, జీవితంలో మొదటిసారి నాన్న అంకె దిద్దాడు. వెంటనే పడకల కోసం పెట్టిన సహాయ నంబరు 1912కు ఫోను చేశాను.

పడక దొరికింది. తర్వాత తొమ్మిది రోజులు రోజుకొక్క ఫోను. నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్ పెడుతున్నారో చెప్పేవారు. నాన్న గురించి మాకు తెలిసేది అదొక్కటే.

ఆ రాత్రుల్లో నిద్ర పట్టక నానీలు రాయడం మొదలుపెట్టాను. ఆచార్య ఎన్. గోపి 1997లో రూపమిచ్చిన ప్రక్రియ: నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. అంతకన్నా పెద్దది రాసే ఓపిక నాకు లేదు. వేళ్లు మడిచి అక్షరాలు లెక్కపెట్టుకుంటున్నంతసేపూ ఫోను వైపు చూడకుండా ఉండగలిగేదాన్ని. మొదటిది ఇది:

వేలు పట్టుకుని
నడిపించాడు నాన్న
ఆ వేలికిప్పుడు
అంకె కాపలా

పదో రోజు ఫోను మామూలు సమయానికంటే ముందు వచ్చింది.

తావరెకెరె దగ్గర ఆరుబయట ఏర్పాటు చేసిన శ్మశానంలో మాకు పదిహేడో టోకెన్ ఇచ్చారు. రేషన్ దుకాణంలోనైనా, బస్సు దగ్గరైనా మిగతావాళ్లను ముందు వెళ్లనిచ్చి తను వెనక నిలబడే మనిషి నాన్న. ఆ మధ్యాహ్నం ఎండలో నాకు అదే గుర్తుకొస్తూ ఉంది.

ఏ వరుసలోనూ
తోసుకోని నాన్న
అక్కడా ఓపిగ్గా
పదిహేడోవాడు

ఇంకొకటి మాత్రం చాలా రోజులు కుదరలేదు. "సాయంత్రం టీవీలో అంకె పెరిగింది, మా ఇంట్లో చీకటి మిగిలింది" అని రాశాను. అక్షరాలు సరిపోయాయి, అయినా అది మా ఇల్లు అనిపించలేదు. చీకటి ఎవరింట్లోనైనా ఉంటుంది. ఒక రాత్రి అమ్మ అలవాటుగా మూడు కంచాలు పెట్టింది. ఒక క్షణం ఆగి, ఒకటి తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ స్టాండులో పెట్టింది. అది తడిగా లేదు. ఆ పాదం మార్చాను. రెండింటికీ అక్షరాలు ఏడే.

సాయంత్రం టీవీలో
అంకె పెరిగింది
మా ఇంట్లో
ఒక కంచం తగ్గింది

ఆంక్షలు సడలాక శ్రీరంగపట్నం పశ్చిమవాహినిలో అస్థికలు కలిపి వచ్చాం. తీసుకెళ్లేవారు లేక మిగిలిపోయిన వాళ్ల అస్థికలను జూన్ మొదట్లో ప్రభుత్వమే మండ్య జిల్లా బెళకవాడి దగ్గర కావేరిలో కలిపింది. ఆ వార్త చూసి అమ్మ వాళ్ల కోసం కూడా దీపం పెట్టింది.

నానీలు అమ్మకు చూపించలేదు. ఒకరోజు పాల లెక్క కోసం పుస్తకం తీసి, వెనక నుంచి అన్నీ చదివింది. కంచం నానీ దగ్గర వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. నాన్న దిద్దిన 94 మీద కాసేపు వేలు ఆనించి ఉంచింది. ఏమీ అనలేదు. తర్వాత పుస్తకం ముందు వైపుకు తిప్పి, ఆ రోజు తారీఖు వేసింది. అలవాటు చొప్పున మూడు పాకెట్లని రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన రెండు అని వేసి, పొట్టి సంతకం పెట్టింది.