61 కేజీలు, 31 సెంటీమీటర్లు

బడులు తెరిచి కాస్త కుదురుకోగానే మా పీఈటీలకి కొలతల పని మొదలవుతుంది. ఎత్తు, బరువు, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, పుషప్స్, ఇంకా ఒళ్లు ఎంత వంగుతుందో చూసే సిట్ అండ్ రీచ్. ఈ చివరిదానికి ఒక చెక్క పెట్టె కావాలి. మాది విరిగిన బెంచీ పలకలతో మా ఊరి వడ్రంగి కొట్టిచ్చింది. చెప్పులు విప్పి, కాళ్లు బారచాపి, పాదాలు పెట్టెకి ఆనించి, మోకాళ్లు లేవకుండా రెండు చేతులూ స్కేలు మీద మెల్లగా ముందుకి జరపాలి. మా పెట్టె మీద పాదాలు ఆనే చోటు 23 సెంటీమీటర్లు. అది దాటితే కాలివేళ్లు దాటినట్టు.

రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతి. నేను మిషను దగ్గర నిలబడి బరువులు అరుస్తున్నాను, లీడరు రిజిస్టర్లో ఎక్కిస్తున్నాడు. ఒకడు ఎక్కాడు. "అరవై ఒకటి!" అన్నాను. వెనక నుంచి ఎవడో "బియ్యం బస్తా" అన్నాడు, వరసంతా నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. వాడు మిషను దిగి చొక్కా కిందికి లాక్కున్నాడు.

152 సెంటీమీటర్ల ఎత్తుకి 61 కేజీలంటే బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 26 దాటింది. పిల్లలకి పెద్దవాళ్ల లెక్క పనికిరాదు. వయసుని బట్టీ, ఆడా మగా బట్టీ గీతలు మారతాయి. 5 నుంచి 18 ఏళ్ల దాకా మన పిల్లల డాక్టర్ల సంఘం వేసిన చార్టు ఉంది. అందులోనూ వాడు పైగీత మీదే ఉన్నాడు.

వాడు పెట్టె ముందు కూర్చునేసరికి, ఏముందిలే, పదిహేనో పదహారో వస్తుందనుకున్నా. 31 వచ్చింది. మోకాలు లేపాడేమోనని మళ్లీ చేయించా. ఈసారి మోకాళ్ల మీద నా అరచెయ్యి పెట్టి నొక్కి పట్టుకున్నా. 31.

"ఏరా, యోగాకి ఏమన్నా వెళ్తున్నావా?"

"లేద్సార్, పూలు కడతా."

గుడి దగ్గర వాళ్లమ్మకి పూల బడ్డీ. సాయంత్రం బడి నుంచి వెళ్లగానే నేల మీద కాళ్లు చాపుకుని, బొటనవేలికి దారం తగిలించి, కనకాంబరాలూ మరువం కడతాడట. మాల పెరిగేకొద్దీ ముడి వెనక్కి జరుగుతుంది, మళ్లీ ముందుకి వంగి దారం సర్దుకోవాలి. రోజుకి రెండు గంటలు, ఏడేళ్ల వయసు నుంచీ. నేను పీరియడ్‌లో చేయించే ఐదు నిమిషాల స్ట్రెచింగ్ దాని ముందు ఏపాటి!

అదే రోజు మా కబడ్డీ కుర్రాడికి 14 వచ్చింది. పదో తరగతి, 172 సెంటీమీటర్లు, 50 కేజీలు, ఒంటి మీద కండ తప్ప ఏమీ లేదు. ఆ ఏడాదిలోనే తొమ్మిది సెంటీమీటర్లు పెరిగాడు. ఆ వయసులో ఎముక ముందు సాగుతుంది, తొడ వెనక కండరం దాన్ని అందుకోవడానికి టైం పడుతుంది. పైగా కాళ్లు పొడుగై చేతులు ఇంకా సాగకపోతే పెట్టె మీద అంకె ఇంకా తగ్గుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, మూడో తరగతిలో విల్లులా వంగినవాడు పద్నాలుగేళ్లకి కర్రలా అవడం నేను ఏటా చూస్తూనే ఉన్నా. ఆడపిల్లల్లో ఇది ఇంతగా కనపడదు. వాళ్లకి మామూలుగానే కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ వస్తాయి.

అలాగని బరువుదేమీ లేదనను. పొట్ట మరీ పెద్దదైతే చివరి రెండంగుళాల్లో తొడకి అడ్డం పడుతుంది. పూల కుర్రాడు 600 మీటర్ల పరుగులో అందరికన్నా ఆఖరున వచ్చాడు, సగం నడిచాడు. ఊపిరి, మోకాళ్లు, రేపటి షుగరు ఇవన్నీ బరువుతో ముడిపడ్డవే, వాళ్లమ్మని పిలిచి అదే చెప్పాను. కానీ మనం "ఒళ్లు వంచడు" అని బద్ధకస్తుణ్ణి తిడతామే, ఆ తిట్టు లావు పిల్లల మీద ఎంత తేలిగ్గా పడిపోతుందో ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

ఆ మర్నాడూ ఆ పై రోజూ వాడు బడికి రాలేదు. ఎందుకని నేను అడగలేదు. మరుసటి ఏడు నుంచి తూకం మిషను ఆటసామాన్ల గదిలో పెట్టాను. ఒక్కొక్కణ్ణే లోపలికి పిలుస్తా, నేనే రాసుకుంటా.

ఈ ఏడు వాడు పదో తరగతి. ఎత్తు 167, బరువు 66. బరువు ఐదు కేజీలే పెరిగింది, ఎత్తు పదిహేను సెంటీమీటర్లు. పెట్టె మీద 24 వచ్చింది. వాడి మొహం చిన్నబోయింది.

"కాళ్లు పొడుగయ్యాయిరా, అందుకే," అన్నా.

"పూలు కట్టడం లేద్సార్. ట్యూషనుకెళ్తున్నా, ఎనిమిదింటి దాకా కుర్చీలోనే."