చివరిదని తెలియని క్వాగా

“ఈ జీబ్రాకు వెనక చారలు ఎవరు చెరిపేసినారు మామా?” అని అక్క కొడుకు ఈ సాయంత్రం పుస్తకంలోని ఫొటో చూపించి అడిగాడు.

అది లండన్ జూలో తీసిన క్వాగా ఫొటో. జీబ్రాలలోనే ఒక రకమైన ఈ జంతువు 1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయినప్పుడు, భూమ్మీద అదే చివరిదని ఎవరూ గుర్తించలేదు.

జత దొరకని ఒంటరి ప్రాణి పోయాక ఆ ఆవరణలోకి మరో జంతువు వస్తుంది, పేరుపలక మారుతుంది, అంతే. 1889లో కలకత్తాలోని అలీపూర్ జూలో సుమత్రా ఖడ్గమృగం పిల్లను ఈనిందని, నేడు మన దేశపు జూలలో ఆ జాతి ఒక్కటి కూడా లేదని చెబితే వాడు నమ్మలేదు.

మన కడప జిల్లా లంకమల ప్రాంతంలో అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి అనే పక్షి అయితే ఏ జూలోనూ లేదు. జూలో పెంచి కాపాడాలన్నా, ముందు అది కంటపడాలి కదా!