థాకో తెలుసా నీకు? – కొత్త ఎడిషన్‌కి మారిన నా అనుభవం

మొత్తానికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే మా టేబుల్, అంటే మా జట్టు, రూల్స్ కొత్త ఎడిషన్‌కి మారింది. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు, తగ్గకముందే రాసేస్తున్నాను.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని నేనిది చేస్తాను, నేనది చేస్తాను అంటారు. అది జరిగిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. టెక్సస్ ఇర్వింగ్‌లో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఆట, డీఎం నేనే. మా తెనాలి అన్న, మా బావమరిది, ఒక తమిళమ్మాయి, ఆఫీసులో నా పక్క సీటు అమెరికన్ – ఇదీ జట్టు.

ఇన్నాళ్లూ ఆడింది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. దాన్నే తిరగరాసి 2024 సెప్టెంబర్‌లో కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తెచ్చారు. నవంబర్‌లో డీఎం గైడ్, 2025 ఫిబ్రవరిలో మాన్‌స్టర్ మాన్యువల్ వచ్చాయి. వచ్చినప్పుడు ఒక్కోటి 49.99 డాలర్లు. కొనడం ఏముంది, కార్డు గీకితే వచ్చేస్తాయి. మీరు మాత్రం తొందరపడకండి. రూల్స్‌లో ముఖ్యమైన భాగం ఎస్ఆర్‌డీ 5.2 పేరుతో 2025 ఏప్రిల్ నుంచి ఉచితంగానే దొరుకుతోంది. అది చదివి నచ్చాక డబ్బులు తీయండి.

క్యారెక్టర్ షీట్లు (పాత్ర వివరాల కాగితాలు) తిరగరాయడం కూడా పెద్ద పనేం కాదు. అంతకుముందు పాత్ర ఎల్ఫ్ అనే జాతిలో పుడితే డెక్స్టెరిటీ (చురుకుదనం) పెరిగేది, ఇప్పుడు ఆ పెంపు బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వ జీవితం) నుంచి వస్తుంది. మొదటి లెవెల్లోనే ఒక ఫీట్, అంటే ఒక ప్రత్యేక నైపుణ్యం, ఇస్తారు. సబ్‌క్లాస్ (పాత్ర వృత్తిలో ఎంచుకునే శాఖ) ఎవరికైనా మూడో లెవెల్లోనే. ఒక సాయంత్రం మిర్చి బజ్జీలు తింటూ ముగించేయొచ్చు.

నన్ను ఏడిపించింది షాపు.

రూల్స్ చదవడం వేరు, పాత్ర పట్టుకుని ఆడటం వేరు. మావాళ్ల మీద రుద్దేముందు నేను ఒకసారి ప్లేయర్‌గా కూర్చుని చూద్దామనుకున్నాను. ఇంటికి కాస్త దూరంలో ఒక గేమ్ షాపు ఉంది. శుక్రవారం సాయంత్రం 2024 రూల్స్‌తో ఆట, ఎవరైనా రావచ్చు అని తలుపుకి కాగితం అంటించారు. ఐదో లెవెల్ పాలడిన్‌ని (దైవశక్తి ఉన్న యోధుడు) కొత్త పుస్తకం ప్రకారం అక్షరం పొల్లుపోకుండా తయారుచేసి, ప్రింట్ తీసి, ఫైల్లో పెట్టుకుని మరీ వెళ్లాను.

డీఎం పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. కూర్చోమనలేదు, పేరు అడగలేదు. "ఏ ఎడిషన్‌తో మొదలుపెట్టావు?" అన్నాడు. ఐదుతో అన్నాను. పక్కనున్నవాళ్ల వైపు చూసి నవ్వాడు. "థాకో తెలుసా నీకు?"

థాకో అంటే 1989లో వచ్చిన రెండో ఎడిషన్ లెక్క, ఆర్మర్ క్లాస్ (రక్షణ అంకె) సున్నా ఉన్నవాడిని కొట్టడానికి పాచిక మీద మీకు పడాల్సిన అంకె. అప్పట్లో కవచం ఎంత గట్టిదైతే ఆర్మర్ క్లాస్ అంకె అంత తగ్గేది, సున్నా దాటి మైనస్‌లోకి కూడా పోయేది. మీ థాకోలోంచి ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ తీసేస్తే పాచిక మీద ఎంత పడాలో వస్తుంది. 2000లో మూడో ఎడిషన్ దీన్ని తిరగేసి, అంకె ఎంత పెద్దదైతే రక్షణ అంత ఎక్కువ అని తేల్చి జనాన్ని బతికించింది. పాతికేళ్ల క్రితం చచ్చిపోయిన లెక్కని ఈయన 2024 టేబుల్ దగ్గర ఎంట్రన్స్ పరీక్షలాగా పెట్టాడు. "థాకో 16, ఎదుటివాడిది మైనస్ 3, ఎంత పడాలి?" అన్నాడు. ఆయన కాఫీ కప్పు ఎత్తేలోపు 19 అన్నాను. ఇరవై ఎక్కాలదాకా బెత్తం కింద వల్లెవేసినవాడితోనా లెక్కలు! ఆయన మొహం చూడాల్సింది. ఆ సాయంత్రం మొత్తంలో నాకు దక్కింది ఆ ఒక్క క్షణమే.

దానికి కసి తీర్చుకున్నాడు. నా షీట్ అందుకుని జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. "మొదటి లెవెల్లో ఫీటేంటి?" అంటూ ఒక గీత. "వెపన్ మాస్టరీ ఫైటర్లకే, నీకు లేదు" అంటూ ఇంకో గీత. వెపన్ మాస్టరీ అంటే ఆయుధాన్ని బట్టి దెబ్బకి వచ్చే అదనపు ఫలితం. పుస్తకంలో పాలడిన్‌కి ఉంది సర్ అన్నాను. "ఇది నా టేబుల్" అన్నాడు. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా నేను సరిచూసుకున్న కాగితం అది. దాన్ని ఎర్ర ఇంకుతో నింపి, టేబుల్ మీద నా వైపు తోశాడు.

ఆట మొదలవుతుందనుకుంటే ఇంకో గోల రేగింది. ఫీట్ మాట వినగానే నా ఎడమ పక్కాయన, 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ భక్తుడు, అసలైన ఫీట్స్ అందులోనే ఉన్నాయన్నాడు. ఎదురుగా కూర్చున్నావిడ 2008 నాటి నాలుగో ఎడిషన్ అభిమాని. ఫైటర్‌కి 'కొడతాను' తప్ప ఇంకో మాట ఉండాలని కనిపెట్టింది నాలుగే అంది. వీళ్లిద్దరూ పదిహేడేళ్లుగా ఇదే తగువు పడుతున్నట్టున్నారు, ఎవరి డైలాగులు వాళ్లకి కంఠతా. నాలుగో ఎడిషన్‌ని కంప్యూటర్ గేమ్ చేసిపారేశారని ఆయన, అసలు చదివావా అని ఆవిడ. అందుకే 2009లో పాత్‌ఫైండర్ (వేరే కంపెనీ ఆట) వచ్చి మమ్మల్ని కాపాడిందని ఆయన. అంటే 3.5నే అట్ట మార్చి మళ్లీ కొన్నావన్నమాట అని ఆవిడ. ఇది నిజంగానే తగిలే దెబ్బ, ఎందుకంటే పాత్‌ఫైండర్‌ని కట్టింది 3.5 ఓపెన్ లైసెన్స్ మీదే, అంటే ఆ రూల్స్‌ని ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి మీదే. డీఎం మాత్రం రెండో ఎడిషన్ తర్వాత వచ్చిందంతా పిల్లలాటే అని తీర్పు చెప్పి కూర్చున్నాడు. సంక్రాంతికి రెండు పెద్ద సినిమాలు పడినప్పుడు థియేటర్ బయట అభిమానులు కొట్టుకున్నట్టే. కాకపోతే అక్కడ సినిమా టైముకి మొదలవుతుంది.

మొదలయ్యాక జరిగింది ఇది. అస్థిపంజరాలతో యుద్ధం. మా క్లెరిక్ (వైద్యం చేసే పూజారి) కుప్పకూలాడు. నేను కత్తితో కొట్టి, ఆ వెంటనే లే ఆన్ హ్యాండ్స్ (తాకి నయం చేసే శక్తి) వాడి అతన్ని లేపుతానన్నాను. కొత్త రూల్స్‌లో అది బోనస్ యాక్షన్ (అదనంగా చేసే చిన్న పని), కొట్టిన టర్న్‌లోనే చేయొచ్చు. కుదరదన్నాడు, ఎప్పటినుంచో అది పూర్తి యాక్షనే అన్నాడు. పేజీ తీసి చూపించాను, చూడలేదు. సరే, పాత రూలే కానీయండి, అలాగైతే నా రెండు దెబ్బలకీ డివైన్ స్మైట్ (దెబ్బకి తోడయ్యే దైవశక్తి) వేస్తానన్నాను. 2014 రూల్స్‌లో అలా వేసుకోవచ్చు. "కొత్త పుస్తకం చదవలేదా? స్మైట్ ఇప్పుడు బోనస్ యాక్షన్ స్పెల్, టర్న్‌కి ఒకటే" అన్నాడు, ఇందాక అదే పుస్తకం చూడనన్న మనిషి! టేబుల్ అంతా నవ్వింది. కొత్తదాంట్లో పోయినవన్నీ నాకు పోయాయి, వచ్చినవేవీ రాలేదు. ఫైల్ సర్దుకుని బయటికొచ్చి, కార్లో ఏసీ వేసుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

కాబట్టి కొత్త టేబుల్‌కి వెళ్లేవాళ్లు ఏ సంవత్సరం పుస్తకం అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. అందులో ఏమేం తీసేశారో ముందే మెసేజ్‌లో రాయించుకోండి. తెల్లగడ్డం, ఎర్రపెన్ను కలిసి కనిపిస్తే అటు పోకండి. అన్యాయంగా ఉందా? ఉండనీయండి.

ఒక్కటి మాత్రం అక్కడే అర్థమైంది. వీళ్ల బాధ రూల్స్ గురించి కాదు. ఇరవై, ముప్ఫై ఏళ్లు పెట్టి ఒకదాంట్లో ఆరితేరారు. కొత్తది రాగానే నిన్నగాక మొన్న వచ్చినవాడి పక్కన మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవాలి. ఆట తయారుచేసే కంపెనీ కూడా నమ్మేలా ఏం ప్రవర్తించలేదు. 2023 జనవరిలో ఓపెన్ లైసెన్స్ బిగించబోయి, జనం తిరగబడ్డాక వెనక్కి తగ్గింది. 2024 ఆగస్టులో డీ అండ్ డీ బియాండ్ సైట్లో (షీట్లు ఆన్‌లైన్లో పెట్టుకునే చోటు) పాత స్పెల్స్ స్థానంలో కొత్తవి పెట్టేస్తామని ప్రకటించి, గోల అయ్యాక మళ్లీ వెనక్కి తగ్గింది. మా తెనాలి అన్న కాగితం షీట్లు వదలకపోవడానికి కారణం ఇదే.

ఇక ఇంట్లో సంగతి. తమిళమ్మాయి క్లెరిక్, గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్‌కి ఇకనుంచి ఒక పాచిక కాదు రెండని తెలియగానే సంతకం పెట్టేసినట్టే. మాంక్ (ఒట్టి చేతులతో పోరాడే సన్యాసి) ఆడే అమెరికన్ అంతకుముందే తయారు. మా బావమరిది, "బావా, సుత్తితో కొడితే కింద పడతారా?" అని ఒక్కటే అడిగాడు. మాల్ (పెద్ద సుత్తి) ఆయుధానికి టాపుల్ అనే వెపన్ మాస్టరీ ఉంది, అవతలివాడు సేవ్ (తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పితే పడిపోతాడన్నాను. వాడికి అది చాలు.

మిగిలింది అన్న. ఆయన ఆడేది అసాసిన్, అంటే దొంగచాటుగా చంపేవాడు. 2014 రూల్స్‌లో ఏమరుపాటున ఉన్నవాడి మీద పడి కొట్టాడంటే అది క్రిటికలే (రెట్టింపు పాచికల దెబ్బ), పైగా అవతలివాడికి మొదటి టర్న్ పోయినట్టే. 2024లో ఏమరుపాటు అంటే ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) తక్కువ పడే అవకాశం, అంతే. "నా కడుపు మీద కొట్టి నీ పుస్తకాలు కొనమంటావేంట్రా?" అని అన్న అలిగాడు. అసాసిన్‌కి బదులుగా ఏమేం ఇచ్చారో చదివి వినిపించాను. వినలేదు. ఓటింగ్ పెడితే నలుగురం ఒకవైపు, ఆయనొక్కడే ఒకవైపు. అలా నెగ్గడం నాకు ఇష్టం లేదు. ఎర్రపెన్ను తీసుకుని బతకలేను కదా. మిగతావన్నీ కొత్తవి, ఏమరుపాటు ఒక్కటి పాతది, కానీ అది రాక్షసులకి కూడా వర్తిస్తుంది అన్నాను. అన్న చెయ్యి కలిపాడు.

పోయిన ఆదివారం చిత్తడినేలలో మూడు ఘూల్స్ (శవాలు తినే పిశాచాలు) అన్న వెనక నుంచి లేచాయి. పాత రూల్ ప్రకారం ఆయనకి టర్న్ లేదు. వాటి గోరు తగిలాక సేవ్ తప్పితే మనిషి కొయ్యబారిపోతాడు, రెండో దెబ్బకే కొయ్యబారాడు. తన వంతు వచ్చేసరికి అన్న హిట్ పాయింట్స్ (ప్రాణం లెక్క) సున్నా. ఆయన ఒక్క పాచికైనా వేయలేదు, బావమరిది మాత్రం పకోడీలు తింటూ ప్రతి దెబ్బకీ అయ్యో అన్నాడు. తమిళమ్మాయి రెండు పాచికలు వేసి అన్నని లేపింది.

రాత్రి పదకొండింటికి అన్న మెసేజ్: "ఆ ఏమరుపాటు కూడా కొత్తదే పెట్టు." అలా పూర్తయింది మా మార్పు. పుస్తకం మాత్రం ఆయన కొనలేదు. నిన్న వచ్చి నా హ్యాండ్‌బుక్ పట్టుకెళ్లాడు, ఎప్పుడిస్తావన్నా అంటే చూద్దాం అంటున్నాడు.