నాలుగు వందల క్రోనర్ల బాకీ

2023 మార్చిలో ఒక సాయంత్రం, మా ఆఫీసులో పక్క సీటులో కూర్చునే స్వీడిష్ సహోద్యోగిని ముందు రెండు 200 క్రోనర్ల నోట్లు పెట్టాను. నా గుర్తింపు కార్డు రుసుము 400 క్రోనర్లు అంతకు ముందు రోజే ఆమె తన ఖాతా నుంచి కట్టింది. ఆమె ఒక నోటు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. సినీ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ బొమ్మ ఉన్న నోటు అది. "దీన్ని చేత్తో పట్టుకుని ఎన్నాళ్లయిందో!" అంది. ఆ తరువాత రెండింటినీ మెల్లగా నా వైపు జరిపింది. వాళ్ల ఊళ్లో ఉన్న బ్యాంకు శాఖలో నగదు తీసుకోరట. "నీకు స్విష్ వచ్చాక పంపు, తొందర లేదు" అని మళ్లీ పనిలో పడింది.

అప్పు తీర్చడానికి డబ్బు చేతిలో ఉండి కూడా తీర్చలేకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి. స్విష్ అంటే స్వీడన్‌లో ఫోనుతో డబ్బు పంపుకునే పద్ధతి. అది రావడానికి నాకు జూన్ దాకా పట్టింది.

స్టాక్‌హోమ్ ఉత్తర శివారులోని షిస్తాలో ఉద్యోగం దొరికి ఆ ఫిబ్రవరిలో స్వీడన్ వచ్చాను. విదేశాల్లో వాడుకోవడానికి హైదరాబాదులో చేయించుకున్న ఫారెక్స్ కార్డు పర్సులో ఉంది కాబట్టి డబ్బుకు ఇబ్బంది ఉండదనుకున్నాను. దుకాణాల్లో నిజంగానే ఉండలేదు. 400 క్రోనర్ల వరకు పిన్ కూడా అడగరు, కార్డు ఆనిస్తే చాలు. చిక్కంతా మనిషికీ మనిషికీ మధ్య డబ్బు చేతులు మారాల్సిన చోటే వచ్చింది. పాత సైకిలు అమ్మేవాళ్లు, చర్చి ఆవరణలో పాత బట్టల సంత పెట్టేవాళ్లు, భోజనం బిల్లు పంచుకునే స్నేహితులు, అందరిదీ ఒకటే మాట, స్విష్ చేయండి అని. అది అక్కడ క్రియాపదమే అయిపోయింది. మార్చి చివర్లో తెలుగువాళ్లంతా ఒక హాలు అద్దెకు తీసుకుని ఉగాది జరుపుకున్నారు. పులిహోర, బొబ్బట్లు వడ్డించే బల్ల మీద కూడా స్విష్ నంబరు రాసిన కాగితమే అంటించి ఉంది. నేను నోటు తీస్తుంటే అక్కడి పెద్దావిడ, "చిల్లర ఎక్కడ తెచ్చేదమ్మా, ముందు తిను, తరువాత పంపుదువుగాని" అని విస్తరి చేతికిచ్చారు. ఆకలి తీరింది కానీ బాకీల చిట్టాలో ఇంకొకటి చేరింది.

స్విష్‌ను స్వీడన్ బ్యాంకులు కలిసి 2012 డిసెంబరులో మొదలుపెట్టాయి. ఫోను నంబరు కొడితే డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు క్షణాల్లో చేరుతుంది. కోటికి కాస్త పైబడిన జనాభాలో 80 లక్షల మందికి పైగా వాడుతున్నారు. వినగానే మన యూపీఐ గుర్తొస్తుంది. యూపీఐ వచ్చింది 2016లో, అంటే వయసులో స్విష్ పెద్దది. తేడా తలుపు దగ్గర ఉంది. మన దగ్గర బ్యాంకు ఖాతా, దానికి ముడిపడిన సిమ్, డెబిట్ కార్డు ఉంటే ఆ సాయంత్రానికే యూపీఐ పనిచేస్తుంది. ఇక్కడ స్విష్ కావాలంటే బ్యాంక్ ఐడీ అనే ఎలక్ట్రానిక్ గుర్తింపు ఉండాలి. అది బ్యాంకు ఇస్తుంది. ఆ బ్యాంకుకేమో స్వీడిష్ గుర్తింపు కార్డు చూపించాలి. ఆ కార్డు కావాలంటే పర్సోన్‌నుమ్మర్ ఉండాలి. ఒకదాని తాళంచెవి ఇంకొకదాని లోపల ఉంది.

పర్సోన్‌నుమ్మర్ అంటే 1947 నుంచి ఈ దేశంలో ప్రతి నివాసికీ ఇస్తున్న సంఖ్య. ముందు పుట్టిన తేదీ, ఆ వెనుక నాలుగంకెలు. కనీసం ఏడాది ఉండబోతున్నామని పన్నుల శాఖకు చూపించాలి. పాస్‌పోర్టు, నివాస అనుమతి, ఉద్యోగ ఒప్పందం పట్టుకుని మొదటి వారంలోనే వెళ్లాను. ఐదు వారాలకు ఉత్తరం వచ్చింది. కవరు చింపి ఆ అంకెలను గుమ్మం దగ్గరే నిలబడి రెండుసార్లు చదువుకున్నాను.

తరువాతిది గుర్తింపు కార్డు. అప్పుడే ఆ 400 క్రోనర్లు. రుసుము ముందుగానే బ్యాంకు ఖాతా నుంచి బ్యాంక్‌యీరో అనే చెల్లింపు పద్ధతిలో కట్టి రావాలని సూచన. బ్యాంకు ఖాతా కోసమే కదా ఈ కార్డు! ఆ కాగితం పట్టుకుని అలాగే కూర్చుండిపోతే ఆ సహోద్యోగిని నన్ను అడిగి సంగతి తెలుసుకుని, తన ఫోనులో అర నిమిషంలో కట్టేసింది. కార్యాలయంలో ఎత్తు కొలిచారు, ఫొటో తీశారు, సంతకం చేయించుకున్నారు. రెండు వారాల తరువాత నేనే వెళ్లి కార్డు తెచ్చుకున్నాను.

బ్యాంకు దగ్గరే నా ఓపిక పూర్తిగా ఖర్చయింది. మొదటి శాఖలో, కొత్తవాళ్లకు ఖాతా ఇక్కడ తెరవము, ఊరి మధ్యలో ఉన్న శాఖకు వెళ్లండి అన్నారు. అక్కడికి వెళ్తే మూడు వారాల తరువాతి తేదీ ఇచ్చారు. ఈలోగా రెండు నెలల జీతం ఖాతా నంబరు లేక కంపెనీ దగ్గరే ఆగిపోయింది. ఇంటి అద్దెకు నాన్నగారు తెనాలి నుంచి ఫారెక్స్ కార్డులో డబ్బు వేయించారు. సంపాదించే కూతురు తండ్రిని అద్దె అడగడం ఎంత బాధో ఆ ఫోను చేసిన రాత్రి తెలిసింది.

చెప్పిన రోజున వెళ్తే ముప్పావు గంట ప్రశ్నలు. జీతం ఎంత, ఇండియాకు నెలకు ఎంత పంపుతారు, ఎవరికి, ఎందుకు. నల్లధనాన్ని అడ్డుకునే చట్టాల కింద వాళ్లు అడగాల్సినవే, తప్పు పట్టను. నేను తప్పు పట్టేది మరొకటి. ఖాతా తెరిచి, బ్యాంక్ ఐడీ తరువాత చూద్దాం అన్నారు. అది లేని ఖాతా ఇక్కడ కిటికీ లేని గది లాంటిది. యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన నిబంధనల ప్రకారం, చట్టబద్ధంగా నివసించేవారికి ప్రాథమిక చెల్లింపు ఖాతా పొందే హక్కు ఉంది. కొత్తగా వచ్చేవాళ్లు ఆ మాట గట్టిగా అడగాలి, బ్యాంక్ ఐడీ సంగతి కూడా అదే రోజు తేల్చుకోవాలి. నేను అడగగా అడగగా, ఇంకోసారి రమ్మని చిన్న కాలిక్యులేటర్ లాంటి పరికరం చేతికిచ్చారు. దాన్ని ఇక్కడ దోసా అంటారు. మన దోసె మాటే, రుచి మాత్రం లేదు. దాంతో బ్యాంక్ ఐడీ తెరుచుకుంది, ఆరంకెల సంకేతం పెట్టుకున్నాను, వెంటనే స్విష్ కూడా వచ్చింది.

ఆ తిరుగుడులో చూసిన ఒక మనిషిని మాత్రం మరిచిపోలేను. ఏప్రిల్‌లో ఒక కాఫీ దుకాణంలో నా ముందు ఎనభై ఏళ్లు దాటిన పెద్దాయన, చక్రాల ఊతం పట్టుకుని నిలబడ్డారు. నాలుగు మడతలు పెట్టిన 50 క్రోనర్ల నోటు ఇస్తే, బల్ల వెనుక ఉన్న అమ్మాయి తలుపు మీది బోర్డు చూపించింది. నగదు తీసుకోబడదు అని. అలా బోర్డు పెడితే చట్టం ఒప్పుకుంటుంది. ఆయన ఆ నోటును మళ్లీ మడత పెడుతుంటే చేతులు వణికాయి. నేను నా కార్డు ఆనించి ఆయన కాఫీకి కూడా కట్టాను. ఆ నోటు నా అరచేతిలో పెట్టి, నేను వద్దన్నా వేళ్లు మూసేశారు. యూరప్‌లో మొట్టమొదట, 1661లో, బ్యాంకు నోట్లు వేసింది స్టాక్‌హోమ్‌లోనే. అక్కడే పుట్టి పెరిగిన పెద్దాయన నోటుకు కాఫీ దొరకలేదు, హైదరాబాదు కార్డుకు దొరికింది.

స్వీడన్ కేంద్ర బ్యాంకు సర్వేల్లో, చివరిగా కొన్న వస్తువుకు నగదు ఇచ్చామన్నవారు 2010లో 39 శాతం, 2020 నాటికి 9 శాతం. బస్సు డ్రైవర్లపై దోపిడీలు ఆగాయి, లెక్కలు తేటపడ్డాయి. ఆ లాభాలు నిజమైనవే. కానీ మిగిలిన ఆ తొమ్మిది మందిలో ఆయన ఉన్నారు, వచ్చిన కొత్తలో నేనూ ఉన్నాను.

స్విష్ వచ్చిన జూన్ మధ్యాహ్నం మొట్టమొదట సహోద్యోగిని నంబరు కొట్టాను. 400. సందేశంలో "కార్డు రుసుము, ధన్యవాదాలు" అని రాశాను. పక్క సీటులో ఆమె ఫోను మోగింది. చూసుకుని చప్పట్లు కొట్టింది. ఉగాది బొబ్బట్ల డబ్బు ఆ తరువాతి నిమిషంలో పంపాను. సాయంత్రం సంతలో ఒక లీటరు స్ట్రాబెర్రీలు కొన్నాను, అదీ స్విష్‌తోనే.

2024 నవంబరులో ప్రభుత్వం యాభై లక్షలకు పైగా ఇళ్లకు ఒక చిన్న పుస్తకం పంపింది, యుద్ధమో విపత్తో వస్తే ఏం చేయాలో చెబుతూ. నా తలుపు పెట్టెలో కూడా పడింది. నీళ్లు, దుప్పట్లు, రేడియోతో పాటు కనీసం వారానికి సరిపడా నగదు, వేర్వేరు విలువల నోట్లలో, ఇంట్లో ఉంచుకోమని అందులో ఉంది. పోపుల డబ్బా వెనుక దాచిన రెండు 200 నోట్లు, పెద్దాయన ఇచ్చిన మడతల 50 బయటికి తీశాను. మరుసటి రోజు ఏటీఎం దగ్గరికి వెళ్లాను. నా ముందు వరుసలో ఆరుగురున్నారు.